ఉగాదికి బూజులు దులుపుతాం సరే, మిగతా చెత్త సంగతేంటి?

వేపపువ్వు (కూకట్‌పల్లి)
మార్చి 19న ఉగాది. బూజులు దులపడం, ఫ్యాన్లు తుడవడం, దేవుడి సామాన్లు చింతపండుతో తోమడం ఎలాగూ ఏటా ఉండేవే. ఈసారి ఇంకాస్త లోతుకు వెళ్దామనుకుంటున్నాను. బీరువా, అటక, మందుల డబ్బా, ఎవరూ వాడని బ్యాంకు ఖాతాలు, ఫోన్లో పన్నెండు వేల ఫోటోలు, రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూసే అలవాటు, కాదనలేక ఒప్పుకునే ఫంక్షన్లు... అన్నీ.

మాది రెండు బెడ్రూముల ఫ్లాటు. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పాపకి పదో తరగతి పరీక్షలు, మా అత్తగారు మాతోనే ఉంటారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఒక్క మనవి: "ఏడాదిగా వాడనిది పారెయ్" అని మాత్రం చెప్పకండి. కిందటేడు బొమ్మల కొలువు పెట్టలేదని బొమ్మలు పారేసుకుంటామా?

అటకమీదపిల్లి
నా పేరు చూసి అటకతో మొదలుపెట్టమంటానేమో అనుకోకండి. అటక ఎక్కితే సాయంత్రానికి హాలంతా సామాను, మధ్యలో మీరు పెళ్ళి ఆల్బమ్ చూస్తూ కూర్చుని ఉంటారు. వంటింట్లో ఒక్క సొరుగు తీయండి చాలు. మూతలేని ఐస్‌క్రీమ్ డబ్బాలు, డబ్బాలేని మూతలు, ఎప్పుడో పిజ్జాతో వచ్చిన కారం పొట్లాలు, కవర్లు కుక్కిన కవరు. వీటి మీద ఎవరికీ మమకారం ఉండదు, కాబట్టి గొడవలు రావు. అరగంటలో అయిపోతుంది. మిగతావాటికి ఓపిక కూడా దాంతోనే వస్తుంది.

లెక్కలమాస్టారు (తెనాలి)
అమ్మాయ్, బయటికి పంపేదాని గురించే అందరూ చెబుతారు. లోపలికొచ్చేదాని సంగతి ముందు చూడు. నేను ఎనిమిదో తరగతికి చెప్పిన తొట్టి లెక్కే ఇది. ఒక కుళాయి నింపుతుంటుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంటుంది. ఖాళీ చేసేదాని కంటే నింపేది ఎక్కువ పోస్తున్నంత కాలం తొట్టి ఖాళీ కాదు.

మా ఇంట్లోకి వచ్చేవి ఒక కాగితం మీద రాసి చూశాను. రిటర్న్ గిఫ్టులే ముందు వరస. గృహప్రవేశానికి వెళ్తే స్టీలు డబ్బా, సీమంతానికి వెళ్తే ప్లాస్టిక్ బుట్ట, షష్టిపూర్తికి వెళ్తే వాళ్ళ ఫోటో ఉన్న గోడ గడియారం. ఆ గడియారం ఇంకొకరికి ఇవ్వనూ లేం, మన గోడకి పెట్టుకోనూ లేం. తరవాత ఒకటి కొంటే ఒకటి ఉచితం సరుకులు. ఆ తరవాత జాకెట్ ముక్కలు.

డాలస్‌లో దోసకాయ
జాకెట్ ముక్కల దగ్గర పడీ పడీ నవ్వాను మాస్టారూ. అవి ఇంట్లో ఉండేవి కావు, ఊరేగేవి. నేను ఒకరికి పెట్టిన ఆకుపచ్చ ముక్క రెండేళ్ళ తరవాత ఇంకొకరి తాంబూలంలో నా దగ్గరికే వచ్చింది, అదే మడతతో.

ఇక్కడ మార్చిలో గడియారాలు గంట ముందుకి జరిపాక అందరూ గరాజులు తెరుస్తారు. మాకు అదొక అలవాటైపోయింది. కానీ మన వాళ్ళ గరాజుల్లో ఉండేది వేరు. ఇండియా నుంచి 23 కిలోల పెట్టెలు రెండేసి మోసుకొచ్చిన సరుకు. ఇక్కడి కొట్లలో అన్నీ దొరుకుతున్నా ఇడ్లీ పాత్రలు, గరిటెలు, పచ్చడి సీసాలు తెస్తూనే ఉంటాం. దొరకదన్న భయం పోయి చాలా ఏళ్ళయింది, మోసే అలవాటు మాత్రం పోలేదు. ఈసారి అమ్మకి ముందే చెప్పాను, ఒక పెట్టె చాలు అని. అలిగింది. ఇంకా అలకలోనే ఉంది.

మందులకొట్టు (రాజమండ్రి)
అక్కా, మందుల డబ్బా అన్నారు కాబట్టి నా పరిధిలో నేను చెబుతాను. ఇరవై ఏళ్ళుగా కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి.

డబ్బా బోర్లించి మూడు కుప్పలు పెట్టండి. గడువు ఉండి రోజూ వాడేవి ఒక కుప్ప. గడువు అయిపోయినవి ఇంకోటి. మూడోది అసలు ప్రమాదం: స్ట్రిప్పు కత్తిరించేసి పేరూ తేదీ లేకుండా మిగిలిన మాత్రలు, సగం వాడి ఆపేసిన యాంటీబయోటిక్స్. "కిందటిసారి ఇవే వేసుకుంటే తగ్గింది" అని ఇంట్లో ఎవరో ఒకరు వాటినే మళ్ళీ మింగుతారు. మూత తీసిన కంటి చుక్కలు చాలావాటికి నెల రోజులే, సీసా మీద ఏడాది గడువు ఉన్నా సరే. పిల్లలకి పొడిలో నీళ్ళు కలిపి ఇచ్చే సిరప్‌లు అయితే వారం, పది రోజులు.

ఎలా పారేయాలో కూడా చెబుతాను. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే గడువు తీరిన మందులు, వాడేసిన బ్యాటరీలు, పగిలిన పాదరసం థర్మామీటర్లు ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్త కింద చేర్చారు. తడి చెత్త, పొడి చెత్తల్లో కలపకూడదు. వేరే కవర్లో కట్టి చెత్త బండివాళ్ళకి చెప్పి ఇవ్వండి. సింకులోనో బాత్రూములోనో పోయొద్దు, యాంటీబయోటిక్స్ అసలే పోయొద్దు. నీళ్ళలో కలిస్తే క్రిములు ఆ మందుకి అలవాటు పడిపోతాయి. దీనికి మినహాయింపు ఉంది. ఫెంటానిల్, ట్రమడాల్ లాంటి కొన్ని గట్టి నొప్పి మందులు ఇంట్లో ఎవరి చేతికైనా దొరికితే ప్రాణానికే ముప్పు. అలాంటి 17 మందుల్ని ఫ్లష్ చేయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో జాబితా ఇచ్చింది. మామూలు ఇళ్ళలో అవి అరుదు. క్యాన్సర్ పేషెంట్లు ఉన్న ఇళ్ళు మాత్రం చూసుకోవాలి.

అటకమీదపిల్లి
కంటి చుక్కలకి నెలేనా! ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. మాట్లాడను.

వేపపువ్వు
అందరికీ థాంక్స్. సొరుగు అయింది, మందుల డబ్బా అయింది. ఇక అసలు టెన్షన్ మొదలైంది. అటక మీద మా అత్తగారి ఇత్తడి సామాను ఉంది. గంగాళం, రెండు బిందెలు, కాగు, పేరు కొట్టించిన మరచెంబు. వాడేది లేదు, తోమేవాళ్ళు లేరు. తీసేద్దామా అని నెమ్మదిగా అడిగితే "నేను పోయాక మీ ఇష్టం" అన్నారు. ఏం మాట్లాడను?

సిటీబ్రో
సింపుల్ అండీ. ఆవిడ ఊరెళ్ళినప్పుడు తీసేయండి. గుర్తు కూడా ఉండదు.

లెక్కలమాస్టారు (తెనాలి)
బాబూ, తప్పు మాట. గుర్తుండదని ఎవరు చెప్పారు నీకు? డెబ్బై దాటినవాళ్ళకి నిన్న తిన్న కూర గుర్తుండకపోవచ్చు కానీ పుట్టింటి బిందె నొక్కు ఏ పక్కన ఉందో గుర్తుంటుంది.

డాలస్‌లో దోసకాయ
మాస్టారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఎవరి సామాను వాళ్ళే తీయాలి. మీది మీరు తీయండి, మీ ఆయనది ఆయన, అత్తయ్యగారిది ఆవిడ. ఇంకొకరి వస్తువు పారేయడం చాలా తేలిక, అందుకే మనం ఎప్పుడూ అక్కడే మొదలుపెడతాం.

సిటీబ్రో
సరే సరే, అందరూ కలిసి నా మీద పడ్డారు. వెనక్కి తీసుకుంటున్నా.

మంజీర తమ్ముడు (సంగారెడ్డి)
అక్కా, ఇత్తడి సంగతి ఏమో గానీ కాగితాల దగ్గర మాత్రం జర పైలం. మా బాబాయి ఇల్లు సున్నం వేసేటప్పుడు ఒక రేకు పెట్టె పాత కాగితాలు చెత్త అనుకుని ఇచ్చేసిండు. దాంట్ల తాత పేరు మీద ఉన్న పాత పహాణీ (భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నరు అని రాసే రికార్డు) నకళ్ళు, సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం) కాగితం ఉండె. తర్వాత భూమి రికార్డుల పేరు దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిండు. పాస్‌బుక్కు కొత్తది వచ్చింది కదా, అంతా ఆన్‌లైన్ అయింది కదా అని పాతవి తీసెయ్యొద్దు. రిజిస్ట్రేషన్ దస్తావేజులు, వాటికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, పహాణీలు, పన్ను రసీదులు ఎన్నేళ్ళైనా ఉంచాల్సిందే. చెదలు పట్టకుండా ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి గోడకి తగలకుండా పెట్టండి.

కరెంటు బిల్లులు, గ్యాస్ చీటీలు, ఏటీఎం స్లిప్పులు తీసెయ్యండి, దాంట్ల ఏముంది.

కాగితంపులి
నేను బ్యాంకులో పని చేస్తాను, ఏ బ్యాంకో అడక్కండి. ఉగాదికి ఇల్లు దులిపేవాళ్ళలో వందకి ఒకరు కూడా ఖాతాలు దులపరు, నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. పాత ఉద్యోగాల జీతం ఖాతాలు, చదువుకునేటప్పుడు తెరిచినవి, నాన్నగారు మన పేరు మీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు...

రెండేళ్ళు మీరు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రాణంగా మారుతుంది. పదేళ్ళు అలాగే ఉంటే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. పోయినట్టు కాదు, మీరో మీ వారసులో వచ్చి బ్యాంకులో అడిగితే తిరిగి ఇస్తారు. అలాంటివి వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. పేరు, పాన్ లాంటి వివరాలు ఇస్తే చాలా బ్యాంకుల్లో ఒకేసారి వెతుకుతుంది. మీ పేరుతోనే కాదు, చనిపోయిన పెద్దవాళ్ళ పేర్లతో కూడా చూడండి. ఇంటిపేరు ఒక్కో చోట ఒక్కోలా రాయించి ఉంటారు, రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి.

పనికిరాని ఖాతా మూసేటప్పుడు ముందు దానికి ఏ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏ ఈఎంఐ ముడిపడి ఉందో చూసుకోండి. మూసేశాక ప్రీమియం ఆగిపోయి పాలసీ పోయిందని మా కౌంటర్ దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు.

ఇంకొకటి, యూపీఐ ఆటోపే. మీ యాప్‌లో ప్రొఫైల్లోకి వెళ్తే ఆటోపే లేదా మాండేట్లు అని ఉంటుంది. తెరవండి. క్రికెట్ సీజన్‌కని తీసుకున్న యాప్, పిల్లల ఇంగ్లీషు క్లాసు, ఏదో ధ్యానం యాప్... నెలనెలా కట్ అవుతూనే ఉంటాయి. సాధారణంగా 15,000 రూపాయల లోపు వాటికి మొదటిసారి పిన్ కొడితే చాలు, ఆ తరవాత ప్రతిసారీ అడగదు. ఒక రోజు ముందు మెసేజ్ వస్తుంది. ఆ మెసేజే మనం చదవం.

వేపపువ్వు
కాగితంపులి గారూ, ఇప్పుడే చూశాను. మా ఆయన ఫోన్లో ధ్యానం యాప్ నిజంగానే ఉంది! ఏడాదిగా డబ్బులు కట్ అవుతున్నాయి. ఆయన మాత్రం చాలా ప్రశాంతంగా ఉన్నారు, అసలు దాన్ని తెరవకుండానే.

మంజీర తమ్ముడు (సంగారెడ్డి)
సిమ్ములు కూడా చూసుకోండి అక్కా. సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూపిస్తది. మనది కానిది ఉంటే అక్కడే ఫిర్యాదు చెయ్యొచ్చు, మనదే కానీ అక్కర్లేదంటే అది కూడా చెప్పొచ్చు. కానీ పాత నంబరు వదిలేసే ముందు బ్యాంకుకి, ఆధార్‌కి అది లింకు ఉందా చూడాలె. వదిలేసిన నంబరు 90 రోజులు దాటినాక ఇంకొకరికి ఇస్తారు. మన ఓటీపీలు వాళ్ళకి పోతయి.

నిద్రగన్నేరు
అందరూ వస్తువుల మీదే ఉన్నారు. వేపపువ్వు గారు అలవాట్లు అని కూడా అడిగారు కదా. రాత్రి పన్నెండు దాకా రీల్స్ అన్నారు, ఆ బాపతే నేనూ.

నా అభిప్రాయం: అలవాటు మానేద్దామని సంకల్పం చెప్పుకుంటే మానం. ఫోను ఎక్కడ పడుకుంటుందో మార్చాలి. నా ఛార్జరు మంచం పక్కన ప్లగ్గు నుంచి తీసి హాల్లో ఫ్రిజ్ దగ్గర పెట్టాను. అలారానికని రెండొందల రూపాయల గడియారం కొన్నాను. మొదట్లో రాత్రి లేచి ఫ్రిజ్ దగ్గర నిలబడి చూసిన మాట నిజమే. కాళ్ళు నొప్పి పుట్టి వచ్చి పడుకునేదాన్ని.

21 రోజుల్లో అలవాటు మారుతుంది అంటారు కదా, దాన్ని నమ్మకండి. లండన్‌లో 96 మంది మీద జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. కొత్త పని తనంతట తాను జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, ఒకరికి 18, ఇంకొకరికి 254 దాకా లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునగలేదని కూడా తేలింది. ఉగాదికి మొదలుపెడితే 66 రోజులంటే మే నెలాఖరు. మధ్యలో ఎండలు, పెళ్ళిళ్ళు, ఊరగాయలు, పిల్లల సెలవులు. కాబట్టి ఒక్కటే పెట్టుకోండి. పొద్దున్నే లేవడం, నడక, చక్కెర మానడం, డైరీ రాయడం అన్నీ ఒకేసారి పెట్టుకునేవాళ్ళు శ్రీరామనవమి పానకంతోనే అన్నీ వదిలేస్తారు.

అటకమీదపిల్లి
వాట్సాప్ గ్రూపుల గురించి ఎవరూ చెప్పలేదేం? నాకు అపార్ట్‌మెంటువే నాలుగు. నీళ్ళకి ఒకటి, పండగలకి ఒకటి, గొడవలకి ఒకటి, గొడవపడ్డవాళ్ళు విడిగా పెట్టుకున్నది ఒకటి.

సిటీబ్రో
ఇది నాకు తెలుసు! 2022 నుంచి చప్పుడు చేయకుండా బయటికి రావచ్చు. అడ్మిన్‌కి మాత్రమే తెలుస్తుంది. అయితే గ్రూపు వివరాల్లో అడుగున గత 60 రోజుల్లో వెళ్ళిపోయినవాళ్ళ జాబితా ఉంటుంది. అంత దూరం వెళ్ళి చూసే పెద్దమ్మ ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. అందుకే బంధువుల గ్రూపుల్ని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి, మిగతావాటి నుంచి వచ్చేయండి.

ఫోటోలకి కూడా దారుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే 5 ఎంబీ కంటే పెద్దవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. పన్నెండు వేలల్లో సగం గులాబీ పువ్వు శుభోదయాలే ఉంటాయి, రాసిస్తాను.

లెక్కలమాస్టారు (తెనాలి)
ఈ కుర్రాడికి ఈసారి మార్కులు వేస్తున్నా.

డాలస్‌లో దోసకాయ
కాదనలేక ఒప్పుకునే ఫంక్షన్ల మాట మిగిలిపోయింది. అదే అన్నిటికంటే కష్టం.

నిద్రగన్నేరు
కొన్నిటికి వెళ్ళనని చెప్పేయడమే. "ఆ రోజు కుదరదండీ" అంటే చాలు, కారణం చెప్పకూడదు. కారణం చెబితే దాన్ని వాళ్ళు పరిష్కరించేస్తారు. బండి లేదంటే బండి పంపిస్తారు.

లెక్కలమాస్టారు (తెనాలి)
ఈ విషయంలో మీ అందరితో నాకు పేచీ ఉంది. మందులు, సిమ్ములు, యాప్‌లు దులపండి. మనుషుల్ని ఆ వరసలో పెట్టకండి. మా ఆవిడ పోయినప్పుడు పదకొండు రోజులూ వచ్చి కూర్చున్నవాళ్ళలో సగంమంది, మేము "ఎందుకులే వెళ్ళడం" అనుకుంటూనే వెళ్ళిన ఫంక్షన్లవాళ్ళు.

నిద్రగన్నేరు
మీ మాట కాదనను మాస్టారూ. కానీ మీ తరంలో వెళ్ళింది ఇద్దరూ, వండిందీ వడ్డించిందీ సర్దిందీ ఎక్కువగా ఆవిడే అయి ఉంటారు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఆదివారం ఒక్కటే మిగులుతుంది. దాన్ని తెలియనివాళ్ళ ఓణీల ఫంక్షన్‌కి ఇవ్వాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

లెక్కలమాస్టారు (తెనాలి)
అది నిజమే అమ్మా. చావుకీ, జబ్బుకీ తప్పకుండా వెళ్ళండి. ఓణీలకి ఫోను చేసి ఆశీర్వదించండి. ఇంతకంటే తగ్గను.

పాతపుస్తకం (విజయవాడ)
ఆలస్యంగా వచ్చాను. పుస్తకాలు కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేసే ముందు ఒకసారి ఆగండి. పాఠ్యపుస్తకాలు, గైడ్లు అయితే మా ఊళ్ళో లెనిన్ సెంటర్ కొట్లవాళ్ళు తీసుకుంటారు. హైదరాబాదులో ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అమ్మేవాళ్ళని అడగండి. తాతల నాటి వారపత్రికలు, బైండు చేసిన సంచికలు ఉంటే మాత్రం అమ్మకండి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత తెలుగు పత్రికలు దాచి ఉంచుతున్నారు. ఫోను చేసి, ఏ ఏడాదివి ఎన్ని ఉన్నాయో చెప్పి, కావాలా అని అడగండి. వేటపాలెం గ్రంథాలయం 1918 నాటిది. మనింట్లో చెదలు తినేది అక్కడ ఎవరో పరిశోధకుడికి అవసరం పడొచ్చు.

వేపపువ్వు
ఒక అప్‌డేట్. డాలస్ అక్క చెప్పినట్టు అత్తయ్యగారి సామాను ముట్టుకోలేదు. నా బీరువా ఖాళీ చేస్తుంటే ఆవిడే వచ్చి పక్కన కూర్చున్నారు. పాత నూలు చీరలు స్టీలు గిన్నెలవాడికి వేస్తానంటే ఒప్పుకోలేదు. ఆరు చీరలు పక్కన పెట్టించి, బొంత కుట్టించుకుందాం, వేసవిలో డాబా మీదికి బాగుంటుంది అన్నారు. జరీ పోగు తీసి గీకి చూసి, ఇది అసలు వెండి జరీ, అది ఉత్తిదే అని చెప్పారు. నాకైతే రెండూ ఒకేలా కనిపించాయి.

తరవాత ఇత్తడి సంగతి ఆవిడే ఎత్తారు. గంగాళం, కాగు ఊళ్ళో రామాలయానికి ఇచ్చేయమన్నారు, అన్నదానాలకి పనికొస్తాయని. మరచెంబు తన గదిలో పెట్టుకున్నారు. బిందెల మాట ఇంకా తేలలేదు. చివర్లో ఒక మాట అన్నారు: "అన్నీ నావే కనిపిస్తున్నాయా? బాల్కనీలో మీ ఆయన కొన్న నడిచే మిషను సంగతేంటి? దాని మీద తువ్వాళ్ళు తప్ప మనిషి నడవడం నేను చూడలేదు."

మిషను అమ్మకానికి పెట్టాం. పరాభవ నామ సంవత్సరం మా ఆయనకి పదిహేను రోజులు ముందే వచ్చింది.

అటకమీదపిల్లి
అత్తయ్యగారిని ఈ చర్చలోకి తీసుకురండి, మా అందరికంటే నయం.

మంజీర తమ్ముడు (సంగారెడ్డి)
చివరగా నాదొక ప్రశ్న. పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, ఉబ్బిన ఫోను బ్యాటరీ ఒకటి ఉంది. మైకు పెట్టుకొని వచ్చే ఆటోవాళ్ళకి ఇవ్వొచ్చా?

కాగితంపులి
ఇన్వర్టర్ బ్యాటరీని ఆటోవాళ్ళకి ఇవ్వకండి. దాంట్లో సీసం, యాసిడ్ ఉంటాయి, వాళ్ళు ఎక్కడో పగలగొట్టి సీసం తీస్తారు. కొత్తది కొనే షాపులో పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీ కంపెనీలదే. నీళ్ళు ఒంపేయకండి, పక్కకి వాల్చకుండా నిలబెట్టే తీసుకెళ్ళండి. ఉబ్బిన ఫోను బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, ఛార్జింగ్ పెట్టడం వద్దు. ఇసుక పోసిన డబ్బాలో పెట్టి ఇంటి బయట ఉంచి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఫోను కూడా ఇచ్చేస్తుంటే ముందు ఖాతాల్లోంచి సైన్ అవుట్ అయి, అంతా చెరిపేసి ఇవ్వండి.

మంజీర తమ్ముడు (సంగారెడ్డి)
మంచిగ చెప్పిండ్రు. శనివారం షాపుకి తీసుకుపోతా.